మా వాడికి గోల్ఫ్ నేర్పిద్దామనుకుంటున్నా, నవ్వకండి

బన్నీ_వాళ్లమ్మ
జూన్ 14, రాత్రి 10:40

అందరికీ నమస్తే. మాది మెహదీపట్నం. మా వాడికి 16 ఏళ్లు, సెరిబ్రల్ పాల్సీ. ఇంట్లో వాకర్‌తో నడుస్తాడు, బయటికెళ్తే వీల్‌చైర్. కుడిచెయ్యి బాగానే పనిచేస్తుంది, ఎడమచెయ్యి బిగుసుకుంటుంది. మాట నిదానం, బుర్ర మాత్రం నాకన్నా చురుకు.

మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. శనివారాలు అక్కడ వికలాంగ పిల్లలకు గోల్ఫ్ నేర్పే చోటికి వాలంటీరుగా వెళ్తోంది. మొన్నొక వీడియో పంపింది. పద్దెనిమిదేళ్లుంటాయేమో, ఒక అమ్మాయి వీల్‌చైర్‌లో కూర్చుని, చేతిలో కాగితం పట్టుకుని పిల్లల్ని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తోంది. ఎవరెక్కడ ఉండాలో తనే చెబుతోంది. కోచ్ పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మధ్యలో ఒక తండ్రి వాళ్ల పిల్లాడి బంతిని కాలితో జరపబోయాడు. ఆ అమ్మాయి వెనక్కి వెళ్లమని చెయ్యి ఊపింది. ఆయన మారుమాట లేకుండా వెళ్లిపోయాడు!

ఆ వీడియో నాలుగుసార్లు చూశాను. గోల్ఫ్ కోసం కాదు, ఆ చెయ్యి ఊపడం కోసం. మా వాడు ఇంతవరకు ఎవరినీ "వెనక్కి జరగండి" అనలేదు. అనే సందు మేమే ఇవ్వలేదేమో.

హైదరాబాద్‌లో ఇలాంటిది ఎవరైనా నడుపుతున్నారా? లేకపోతే మనం మొదలుపెట్టగలమా? మా ఆయన విని నవ్వారు. మీరు నవ్వకండి ప్లీజ్.

టోలీచౌకి_బాబాయ్
జూన్ 14, రాత్రి 11:25

నవ్వట్లేదమ్మా. కానీ గోల్ఫ్ ఎవరి ఆట? నేను గోల్కొండ దగ్గరే పుట్టి పెరిగాను. చిన్నప్పుడు నయా ఖిలాలో హాతియాన్ కా ఝాడ్ అనే పెద్ద బావోబాబ్ చెట్టు ఎక్కడానికి పోయేవాళ్లం. ఇప్పుడు ఆ పక్కనంతా గోల్ఫ్ కోర్సు. గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్ ఇంకోటి. అటువంటి చోట గేటు దాటడానికే మనకు మొహమాటం. సభ్యత్వం సంగతి ఇక అడగొద్దు.

సీపీ పిల్లలకు బోచా అని చక్కటి ఆట ఉంది. 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉంది. ఆరు ఎర్ర బంతులు, ఆరు నీలం బంతులు, ఒక తెల్ల బంతి, చదునైన నేల. కమ్యూనిటీ హాల్లో ఆడుకోవచ్చు. గోల్ఫ్ కోసం ఎందుకు తాపత్రయం?

హిమాయత్‌నగర్_హనీ
జూన్ 15, ఉదయం 7:02

బాబాయ్ చెప్పింది కరెక్ట్. మన దగ్గర ఫుట్‌పాత్ మీదే వీల్‌చైర్ పోదు, గోల్ఫ్ కోర్సు గడ్డి దారి, అదే ఫెయిర్‌వే మీద పోతుందా 😀

పాత_పుటర్
జూన్ 15, ఉదయం 9:30

హనీ గారూ, పోతుంది. నిజానికి మన ఫుట్‌పాత్ కన్నా ఫెయిర్‌వే నయం.

నేను ఫౌజ్‌లో చేసి రిటైరై సైనిక్‌పురిలో స్థిరపడ్డాను. 25 ఏళ్లుగా ఆడుతున్నాను, ఇప్పటికీ నా హ్యాండీక్యాప్ 19. ఈ మాట దగ్గరే ఆగుతాను. ఒకప్పుడు మన పిల్లల్ని పిలవడానికి వాడి, బాగోలేదని మానేసిన మాట ఇది. గోల్ఫ్‌లో దాని అర్థం వేరు. గోల్ఫ్‌లో తక్కువ స్ట్రోకుల్లో (దెబ్బల్లో) ముగించినవాడే గెలుస్తాడు. బలమైన ఆటగాడు, బలహీనుడు కలిసి ఆడినా పోటీ సమంగా ఉండాలని బలహీనుడి మొత్తంలోంచి తీసేసే స్ట్రోకుల లెక్క ఇది. 2020లో వచ్చిన ప్రపంచ పద్ధతి ప్రకారం అది 54 దాకా ఉండొచ్చు. అంటే 18 హోల్స్‌లో (బంతిని చేర్చాల్సిన గుంతల్లో) ఒక్కోదానికి మూడేసి. మీ బన్నీ నాతో ఆడి నన్ను ఓడించొచ్చు. జాలితో కాదు, కాగితం మీద లెక్కతో. షటిల్‌లో సింధుతో మనకు ఆ వీలుంటుందా?

రెండో సంగతి. బంతి కదలదు. క్రికెట్‌లోనో షటిల్‌లోనో అది మీ మీదికొస్తుంది, మీ శరీరం దాని వేగాన్ని అందుకోవాలి. ఇక్కడ మీరు సిద్ధమయ్యేదాకా అది గడ్డిలో కూర్చునే ఉంటుంది. చెయ్యి కుదురుకోవడానికి అరనిమిషం పట్టే కుర్రాడికి ఆ అరనిమిషం దొరుకుతుంది.

ఇక మూడోది. మామూలు ఆటలో మీ వెంట అంపైర్ ఉండడు. తప్పు మీదైతే మీరే చెప్పి, మీరే రాసుకోవాలి. 1925 యూఎస్ ఓపెన్‌లో బాబీ జోన్స్ అనే అమెరికన్ ఆటగాడి బంతి గడ్డిలో వెంట్రుకవాసి కదిలింది. ఇంకెవరూ చూడలేదు. తనే చెప్పి ఒక పెనాల్టీ స్ట్రోకు వేసుకున్నాడు. ఆ ఒక్కటి లేకపోతే టైటిల్ నేరుగా అతనిదే. స్కోర్లు సమమై, ప్లేఆఫ్‌కు వెళ్లి ఓడిపోయాడు. అమెరికాలో 1997లో మొదలైన ఫస్ట్ టీ అనే పిల్లల కార్యక్రమం ఇలాంటి గుణాలను పట్టుకునే నడిచింది. నిజాయితీ, పట్టుదల, బాధ్యత, తీర్పు అంటూ తొమ్మిది పెట్టుకున్నారు. వాటిలో తీర్పు అన్నదే నాకు ముఖ్యం. ఏ క్లబ్ (కొట్టే కర్ర) తియ్యాలో, బంకర్ (ఇసుక గుంట) మీదుగా కొట్టాలా పక్కనుంచి పోవాలా, పిల్లాడే తేల్చుకోవాలి. మన పిల్లలకు ఏ చొక్కా వేసుకోవాలో కూడా మనమే తేలుస్తాం కదా.

కోర్సులోకి పోవాలని లేదు బాబాయ్ గారూ. మొదటి ఆరు నెలలకు డ్రైవింగ్ రేంజ్ (బంతులు దూరంగా కొట్టి సాధన చేసే మైదానం), ఒక పుటింగ్ గ్రీన్ (బంతిని గుంతలోకి దొర్లించే నున్నటి గడ్డి) చాలు. బకెట్ బంతులకు ఇంతని ఇచ్చి ఎవరైనా కొట్టుకోవచ్చు.

బన్నీ_వాళ్లమ్మ
జూన్ 15, మధ్యాహ్నం 1:15

సర్, ఈ పోస్టు మా వాడికి చదివి వినిపించాను. "54 ఇస్తారా? అయితే ఆడతా" అన్నాడు.

ఫిజియో_సికింద్రాబాద్
జూన్ 15, రాత్రి 9:48

ఒక హెచ్చరిక, కొన్ని కబుర్లు.

ముందు హెచ్చరిక. దీన్ని థెరపీ అని అమ్మకండి. మన పిల్లల జీవితంలో ఇప్పటికే ప్రతిదీ థెరపీయే. ఈతకు పోతే హైడ్రోథెరపీ, పాట వింటే మ్యూజిక్ థెరపీ, కుక్కను నిమిరితే అదొక థెరపీ. ఆటను ఆటగా వదిలేద్దాం.

ఇక సామాను. కూర్చుని కొట్టేవాళ్లకు క్లబ్ కొలత మారుతుంది, తల నేలకు ఆనే కోణం కూడా మారుతుంది. మామూలు క్లబ్ ఇస్తే క్లబ్ తల వెనకంచు నేలకు తగిలి బంతి పక్కకు పోతుంది, పిల్లాడు తన తప్పనుకుంటాడు. పట్టు బిగవని చేతికి లావు గ్రిప్పు, వెల్క్రో గ్లవ్ వాడొచ్చు. వీల్‌చైర్ బ్రేకులు పడ్డాయో లేదో ప్రతి స్వింగ్‌కు ముందు చూసుకోవాలి. ఇది పిల్లాడి చేతే చూపించండి. విదేశాల్లో పారాగోల్ఫర్ అనే బండి ఉంది. నడుముకు, మోకాళ్లకు పట్టీలు వేసి మనిషిని నిలువునా లేపుతుంది, నిలబడి కొట్టొచ్చు. ఖరీదెక్కువ, మొదట్లో అవసరం లేదు. పెద్ద తల ఉన్న ప్లాస్టిక్ క్లబ్బులు, టెన్నిస్ బంతులతో మొదలుపెట్టండి.

ఫిట్స్ మందులు వాడే పిల్లలుంటే ఎండలో అస్సలొద్దు. ఉదయం ఆరున్నరకు మొదలై ఎనిమిదిన్నరకు అయిపోవాలి.

తెల్లకర్ర
జూన్ 16, ఉదయం 11:11

నేను డిగ్రీ రెండో ఏడు. పూర్తిగా చూపు లేదు. స్కూల్లో అంధుల క్రికెట్ ఆడాను. అందులో బంతి లోపల గోలీలు గలగలమంటాయి, ఆ చప్పుడు పట్టుకుని కొడతాం. పాత పుటర్ సర్, మీ బంతి కదలదు, చప్పుడు చెయ్యదు. అంటే నా వరకు అది లేనట్టే కదా?

పాత_పుటర్
జూన్ 16, సాయంత్రం 5:20

మంచి ప్రశ్న తమ్ముడూ. అందుకే గైడ్ ఉంటాడు. క్లబ్ తలను బంతి వెనక సరిగ్గా ఆనిస్తాడు, గురి ఎటో చెబుతాడు, పక్కకు తప్పుకుంటాడు. కొట్టేది నువ్వు. పుటింగ్ అయితే బంతి నుంచి గుంత దాకా ఇద్దరూ కలిసి నడుస్తారు, నువ్వు అడుగులు లెక్కపెట్టుకుంటావు, నేల ఎటు వాలిందో పాదానికి తెలుస్తుంది. గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు, అంటే నాలుగుంబావు అంగుళాలు. చూపున్న నేనే రోజూ తప్పిస్తుంటాను.

రూల్సు కూడా ఒప్పుకున్నాయి. వైకల్యం ఉన్నవాళ్ల సవరణలు ముందు వేరే పుస్తకంగా ఉండేవి. 2023 నుంచి అసలు రూల్సులోనే 25వ రూలుగా కలిపేశారు. బంకర్‌లో కొట్టే ముందు క్లబ్‌తో ఇసుక తాకితే నాకు పెనాల్టీ, నీకు లేదు. వీల్‌చైర్ వాడేవాళ్లు బంకర్‌లోంచి బంతి బయటికి తీసి ఆడాలంటే ఒక్క పెనాల్టీ స్ట్రోకు చాలు, మాకు రెండు.

తెల్లకర్ర
జూన్ 16, రాత్రి 8:02

అయితే వస్తా. కానీ గైడ్‌ను నేనే ఎంచుకుంటా. స్కూల్లో మాకు సాయం చెయ్యడానికి వచ్చేవాళ్లు మమ్మల్ని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేవాళ్లు. నేను ఒకరి మోచెయ్యి పట్టుకుంటే నేను నడుస్తున్నట్టు. ఒకరు నా చెయ్యి పట్టుకుంటే నన్ను మోస్తున్నట్టు. టీమ్‌కు వైస్ కెప్టెన్‌గా ఉన్నప్పుడు కూడా టాస్‌కు ఒక సార్ వచ్చి నా బదులు "హెడ్స్" అనేశారు. అక్కడ తెలిసింది నాకు కెప్టెన్సీ అంటే ఏంటో, అది లేకపోవడం వల్ల.

చాయ్_బిస్కట్_ఉస్మానియా
జూన్ 17, ఉదయం 10:00

ఎవరూ అనట్లేదు కాబట్టి నేనంటాను. "లీడర్‌షిప్" అన్న మాట వినగానే నాకు ఫ్లెక్సీ బ్యానర్లు కనిపిస్తాయి. ఐటీ కంపెనీల్లో డిసెంబర్ 3, వికలాంగుల దినం రాగానే ఒక బస్సు, యాభై టీషర్టులు, పిల్లలతో సెల్ఫీలు, కేకు. నాలుగో తారీఖున ఎవరూ ఉండరు. నేను అలాంటి మూడు ఈవెంట్లలో టీషర్టు వేసుకున్నవాడినే, అందుకే చెబుతున్నా. మీరు మొదలుపెడితే నెలకోసారి పెద్దగా చెయ్యకండి. ప్రతి ఆదివారం చిన్నగా చెయ్యండి. బంతులు ఏరడానికి నేనొస్తా.

లెక్కల_మాస్టారు_ఉప్పల్
జూన్ 17, మధ్యాహ్నం 3:33

మా అమ్మాయికి ఆటిజం, 14 ఏళ్లు. సూటిగా అడుగుతున్నాను, ఏమనుకోకండి. దీనివల్ల మెడల్ గానీ, స్పోర్ట్స్ కోటా గానీ వస్తుందా? ఆదివారం ఉప్పల్ నుంచి రావాలంటే రెండు గంటల ముందు లేవాలి.

పాత_పుటర్
జూన్ 17, సాయంత్రం 6:15

మాస్టారూ, గోల్ఫ్ పారాలింపిక్స్‌లో లేదు. ఆ దారి కావాలంటే పరుగు చూడండి. మన వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తి 2024లో పారిస్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చింది. టీ20 అంటే మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల విభాగం.

గోల్ఫ్‌లో ఉన్న పెద్ద వేదికలు చెబుతాను. వినికిడి లోపం ఉన్నవాళ్లకు డెఫ్లింపిక్స్‌లో ఉంది. హర్యానా అమ్మాయి దీక్షా డాగర్ అక్కడ 2017లో రజతం, 2022లో స్వర్ణం గెలిచింది. మధ్యలో టోక్యో ఒలింపిక్స్‌లోనూ ఆడింది. నేర్పింది వాళ్ల నాన్నే, ఆయనా ఫౌజీయే (అందుకే గర్వంగా చెబుతున్నా). అమెరికాలో 2022 నుంచి యూఎస్ అడాప్టివ్ ఓపెన్ జరుగుతోంది. మొదటిసారి 96 మంది ఆడారు, 15 ఏళ్ల వాళ్ల నుంచి 80 ఏళ్ల వాళ్ల దాకా. మగవాళ్లలో గెలిచిన కొరియా ఆటగాడు సైమన్ లీకి మీ అమ్మాయిలాగే ఆటిజం.

కోటా గురించి మాత్రం ఆశ పెట్టను.

స్పెషల్_టీచర్_బోయిన్‌పల్లి
జూన్ 17, రాత్రి 9:05

మాస్టారు గారికి ఇంకోటి. మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ల కోసం నడిచే స్పెషల్ ఒలింపిక్స్‌లో గోల్ఫ్ ఉంది. అందులో ఒక పద్ధతి నాకు చాలా ఇష్టం. వైకల్యం ఉన్న ఆటగాడు, లేని ఆటగాడు జంటగా ఒకే బంతిని మార్చి మార్చి కొడతారు. మీవాడు చెట్లలోకి కొడితే నేను అక్కణ్నుంచి ఆడాలి, నేను కొడితే మీవాడు. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారో రెండు హోల్స్ తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఆటగాళ్లనే కోచ్‌లుగా, అధికారులుగా, వక్తలుగా తయారుచేసే శిక్షణ కూడా వాళ్లకుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో 30వ సెక్షన్ అచ్చంగా క్రీడల గురించే. రేంజ్ వాళ్లు కాదంటే మర్యాదగా ఒక ప్రింటు చూపించండి.

అడ్మిన్
జూన్ 18

ఫోన్ నంబర్లు, పిల్లల పేర్లు, ఫొటోలు ఇక్కడ పెట్టకండి. మూడు పోస్టులు తీసేశాను.

బన్నీ_వాళ్లమ్మ
ఆగస్టు 3, రాత్రి 9:30

నాలుగు ఆదివారాలయ్యాయి కాబట్టి రాస్తున్నా. ఐదుగురు పిల్లలు. మా వాడు, తెల్లకర్ర తమ్ముడు, మాస్టారు గారి అమ్మాయి, వినికిడి లోపం ఉన్న ఇద్దరు అన్నదమ్ములు. ఊరి చివర ఒక రేంజ్ వాళ్లు రెండు గంటలు ఇచ్చారు.

మొదటి ఆదివారం ఘోరం. క్యాబ్ అతను వీల్‌చైర్ చూసి క్యాన్సిల్ చేశాడు, రెండో అతను డిక్కీలో పట్టదన్నాడు. అక్కడికి పోతే బంతి పెట్టి కొట్టే చోటికి ఒక్క మెట్టు. ఒక్కటే! కానీ మాకు అదొక గోడ. బాత్రూమ్ తలుపులో చైర్ దూరలేదు. తర్వాత వాన. చాయ్ బిస్కట్ అన్న ఎక్కణ్నుంచో చెక్క పలక తెచ్చి మెట్టు మీద వేశాడు, ఇప్పటికీ అదే ర్యాంపు.

రెండో ఆదివారం ఒక వాలంటీరు అబ్బాయి మా వాడి చేతుల మీద తన చేతులు వేసి కొట్టించాడు. బంతి ఎనభై గజాలు పోయింది. అందరూ చప్పట్లు. వీడు మాత్రం మొహం ముడుచుకున్నాడు. ఇంటికొచ్చాక చెప్పాడు, "అది అన్న కొట్టింది. నాకెందుకు చప్పట్లు?" స్కూల్లో స్పోర్ట్స్ డే రోజు షామియానా కింద కూర్చోబెట్టి మెడలో ఒక మెడల్ వేసి పంపారు మూడేళ్ల కింద. ఆ మెడల్ ఇంట్లో ఎక్కడుందో నాకూ తెలీదు. అప్పుడెందుకు దాచేశాడో ఆ రాత్రి అర్థమైంది.

మూడో వారం ఆ అబ్బాయిని బన్నీయే పిలిచి చెప్పాడు. ఒక్కో మాటకు టైం పట్టింది, ఎవరం అందించలేదు. "అన్నా... మీరు... బ్రేకులు... చూడండి. చేతులు... నావి." తర్వాత కొట్టాడు. పన్నెండు గజాలు.

టోలీచౌకి_బాబాయ్
ఆగస్టు 3, రాత్రి 10:10

ఆ పలక నా గోదాములోదేనమ్మా. ప్లైవుడ్ కాదు, మంచి టేకు. జాగ్రత్త.

లెక్కల_మాస్టారు_ఉప్పల్
ఆగస్టు 4, ఉదయం 6:40

మా అమ్మాయి సంగతి. క్లబ్ పెద్దగా ముట్టుకోదు, గాలిలో ఊపే చప్పుడు పడదు. కానీ స్కోరు పట్టిక మొత్తం తనదే. ఎవరి వంతు, ఎన్నో బంతి, అన్నీ రాస్తుంది. గత వారం పాత పుటర్ సర్ మాటల్లో పడి ఒక బంతి ఎక్కువ కొట్టారు. మా అమ్మాయి లేచి వెళ్లి ఆయన ముందు పట్టిక పెట్టి వేలితో చూపించింది. ఇంట్లో అతిథి వస్తే గదిలోంచి బయటికి రాని పిల్ల.

పాత_పుటర్
ఆగస్టు 4, ఉదయం 8:00

నిజమే. పట్టుబడ్డాను.

ఫిజియో_సికింద్రాబాద్
ఆగస్టు 5, రాత్రి 9:20

చిన్న గొడవ పెట్టుకుంటున్నా. ముగ్గురు వాలంటీర్లకు ఐదుగురు పిల్లలు ఉన్నప్పుడు బాగా నడిచింది. మొన్న తొమ్మిది మంది వాలంటీర్లొచ్చారు. పిల్లలు బంతి పెట్టుకోబోతే ఒకరు, నీళ్లు తాగబోతే ఒకరు. సాయం ఎక్కువైతే పిల్లలు మళ్లీ బొమ్మలైపోతున్నారు. ఇద్దరికి మించి రావొద్దని పెడదామా?

తెల్లకర్ర
ఆగస్టు 5, రాత్రి 10:45

పెడదాం. ఇంకోటి, ఎవరు రావాలో మేం ఐదుగురం తేలుస్తాం. అన్నదమ్ములతో నా మాట ఎలా కుదురుతుందని అడగకండి. వాళ్లు సైగ చేస్తే నాకు కనిపించదు, నేను మాట్లాడితే వాళ్లకు వినిపించదు. మధ్యలో బన్నీ ఉన్నాడు. వాళ్ల సైగలు నాకు చెబుతాడు, నా మాట వాళ్లకు ఫోన్లో టైప్ చేసి చూపిస్తాడు. మా మీటింగ్ నడిపేది ఇప్పుడు వాడే. చాలా స్లో మీటింగ్. కానీ అందరి మాటా అవుతుంది.

హిమాయత్‌నగర్_హనీ
ఆగస్టు 6, ఉదయం 7:15

జూన్‌లో నేను పెట్టిన కామెంటు చదువుకుంటే సిగ్గేసింది. ఆ ఇద్దరిలో ఒకరిగా రావాలంటే ఎవరికి అప్లై చేసుకోవాలి?

తెల్లకర్ర
ఆగస్టు 6, ఉదయం 9:50

బన్నీకి. ఇంటర్వ్యూ ఉంటుంది 😎

బన్నీ_వాళ్లమ్మ
నవంబర్ 16, మధ్యాహ్నం 12:20

ఈరోజు మొదటిసారి పోటీ పెట్టుకున్నారు. పుటింగ్ గ్రీన్ మీద మూడు గుంతలు, హ్యాండీక్యాప్ లెక్కతో. పాత పుటర్ సర్ కూడా ఆడారు. బన్నీ మొత్తం 11 స్ట్రోకుల్లో ముగించాడు. హ్యాండీక్యాప్ స్ట్రోకులు తీసేశాక సర్‌కు సమానం! ఇద్దరూ మొదటి స్థానం. వాళ్ల నాన్న (నవ్విన ఆయనే) అందరికీ ఇరానీ చాయ్ ఇప్పించారు.

బన్నీ
నవంబర్ 16, మధ్యాహ్నం 2:48

కొత్త ఐడీ. అమ్మ రాసింది తప్పు. 11 కాదు 12. రెండో గుంత దగ్గర ఒకసారి కొట్టబోతే క్లబ్ బంతి మీదుగా పోయింది, తగల్లేదు. అప్పుడు అందరూ చాయ్ దగ్గర ఉన్నారు. కొట్టాలనే ఊపా, కాబట్టి అదీ లెక్కే. పట్టికలో మార్చమని మాస్టారు గారి అమ్మాయికి చెప్పా, మార్చింది. సర్ ఫస్ట్, నేను సెకండ్.

పాత_పుటర్
నవంబర్ 16, మధ్యాహ్నం 3:05

సరే. వచ్చే ఆదివారం ఆరున్నరకే. పలక ఎవరు తెస్తున్నారు?